వెతికినవారికి దొరికే చోటు

"ఎక్కడ పెడితే ఎక్కువమంది చూస్తారండీ?" తెలుగులో ఏదైనా రాసి ఇంటర్నెట్‌లో పెట్టాలనుకునేవారు ముందుగా అడిగేది ఇదే. విజయవాడలో చిన్న ప్రచురణకర్తల కోసం పుస్తకాలు పరిష్కరించే పనిలో ఉన్నాను కాబట్టి కవులు, విశ్రాంత ఉపాధ్యాయులు, వైద్యులు, తమ ఊరి చరిత్ర రాసుకున్న పెద్దలు అందరూ నన్ను ఈ మాట అడుగుతుంటారు. నా జవాబు చాలామందికి వెంటనే రుచించదు. చూడటం వేరు, దొరకడం వేరు. ఈ సాయంత్రం ఎంతమంది కంటపడుతుందన్నది ఒక లెక్క. నాలుగేళ్ల తర్వాత, మనమెవరో తెలియని మనిషి తన అవసరం కొద్దీ రెండు మాటలు టైపు చేస్తే మన రాత అతని ముందుకు వస్తుందా అన్నది మరో లెక్క. మొదటిదానికి ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ చక్కగా పనికొస్తాయి. రెండోదానికి వాటిని నమ్ముకోలేం. పదిమందికి ఉపయోగపడే సంగతి రాసేవారు రెండో లెక్కనే ముందు చూసుకోవాలన్నది నా వాదన. అంటే తమదైన చిరునామాలో, ఎవరైనా తెరిచి చదవగలిగేలా, యూనికోడ్ తెలుగులో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాలుగానే గుర్తించే పద్ధతిలో, ముందు పెట్టాలి. మిగతా చోట్లకు ఆ తర్వాతే తీసుకెళ్లాలి.

మిరప సంగతి చెబితే నా పట్టుదలకు కారణం తెలుస్తుంది. 2021లో గుంటూరు ప్రాంతంతో మొదలై రెండు తెలుగు రాష్ట్రాల మిరప తోటల మీద కొత్త రకం తామర పురుగు విరుచుకుపడింది. రైతులు నల్ల తామర పురుగు అన్నారు, శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పైనస్ అన్నారు. మనకు అలవాటైన తామర పురుగు ఎక్కువగా ఆకుల మీద చేరి ముడత తెచ్చేది. ఇది పూలలో గుంపులుగా చేరి పూతనే రాల్చేసింది. మన దేశంలో దీన్ని అంతకుముందు 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు గానీ, మిరప రైతుకు అది బొత్తిగా కొత్త శత్రువు. పాత మందులు కొట్టి చూశారు, డబ్బు పోయింది, పూత నిలవలేదు.

వ్యవసాయ శాఖలో పనిచేసి విరమణ పొందిన మా బాబాయి గుంటూరు అరండల్‌పేటలో ఉంటారు. ఆ సీజనులో ఆయన తోటల వెంట తిరిగి, చూసింది చూసినట్టు ఒక సామాజిక మాధ్యమంలో రాస్తూ వచ్చారు. పూలను తెల్లకాగితం మీద దులిపి పురుగును ఎలా పోల్చుకోవాలి, నీలి రంగు జిగురు అట్టలు ఏ ఎత్తులో కట్టాలి, ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే పురుగు దానికి ఎలా అలవాటు పడుతుంది, నత్రజని మోతాదు మించిన చేలలో ఉధృతి ఎందుకు ఎక్కువ, ఇలాంటివన్నీ రైతుకు అర్థమయ్యే మాటల్లో రాశారు. "ఎంతమంది పంచుకున్నారో చూశావా?" అని నాకు ఫోను చేసి మురిసిపోయారు. నాకూ గర్వంగానే అనిపించింది.

మరుసటి సీజనులో ఒక రైతు ఆయనకు ఫోను చేశాడు. "జిగురు అట్టల గురించి అప్పుడు రాశారు కదండీ, అది మళ్లీ పంపుతారా?" అని. బాబాయికే తన రాత దొరకలేదు. పెళ్లిరోజు శుభాకాంక్షలు, మనవరాలి ఫొటోలు, పంచుకున్న వార్తలు, వీటన్నిటి అడుగున ఎక్కడో ఉంది. నన్ను అడిగితే నేనూ గూగుల్‌లో రకరకాల మాటలతో వెతికాను. యూట్యూబ్ వీడియోలు వచ్చాయి, మందుల ప్రకటనలు వచ్చాయి, ఇంగ్లీషు పరిశోధన పత్రాలు వచ్చాయి. తోటలో నిలబడి చూసి తెలుగులో రాసిన ఆ మాటలు రాలేదు. రాసిన వారంలో వాటిని ఎందరో చదివారు. పూత మళ్లీ రాలుతున్నప్పుడు మాత్రం అవి ఎవరికీ అందలేదు.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ రాయాలన్న నిర్ణయం తేలికవుతుంది. గూగుల్, బింగ్ లాంటి సెర్చ్ ఇంజన్లు మనం అడిగిన క్షణంలో లోకమంతా గాలించవు. క్రాలర్లు అనే ప్రోగ్రాములు లింకుల వెంట ఒక పేజీ నుంచి మరో పేజీకి ముందే తిరిగి, అక్కడున్న అక్షరాలను సూచికలో చేర్చి పెట్టుకుంటాయి. మనం అడిగినప్పుడు ఆ సూచికలో చూసి చెబుతాయి. కాబట్టి లాగిన్ అయితే తప్ప తెరుచుకోని పేజీ వాటి దృష్టిలో లేనట్టే. వాట్సాప్ గ్రూపులో తిరిగే సందేశం వెబ్‌లో భాగమే కాదు. రంగుల బొమ్మ మీద అచ్చువేసిన కవిత బొమ్మగా మాత్రమే నిలుస్తుంది, అందులోని పాదంతో వెతికేవాడికి అది తగలడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. 2025 నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో వృత్తిపరమైన ఖాతాల బహిరంగ పోస్టులు గూగుల్‌లో కనిపించే వీలు వచ్చింది. మంచిదే. కానీ ఈ తలుపు తెరిచిందీ ఆ సంస్థే, రేపు మూసేదీ ఆ సంస్థే. రాసినవారి చేతిలో తాళం లేదు.

లింకుల సంగతి ఇంకా ముఖ్యం. 1998లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్ పద్ధతిని వివరించినప్పుడు వారి ప్రధాన ఆలోచన ఇది: ఒక పేజీకి ఎన్ని పేజీలు, ఎంత విలువైన పేజీలు లింకు ఇస్తున్నాయన్నదాన్ని బట్టి దాని ప్రాముఖ్యాన్ని అంచనా వేయవచ్చు. గూగుల్ ఇప్పుడు మరెన్నో సంగతులు చూస్తుంది, అయినా లింకుల విలువ పోలేదు. ఆ విలువ చేరేది చిరునామాకు. మన రాతను మెచ్చి ఒక అధ్యాపకురాలు తన పాఠ్యాంశాల పేజీలో లింకు ఇస్తే, ఒక పత్రిక ప్రస్తావిస్తే, ఆ గౌరవం ఏళ్ల తరబడి ఒకే చిరునామాలో పోగుపడాలి. ఈ ఏడాది ఒక వేదిక మీద, వచ్చే ఏడాది మరో వేదిక మీద రాసేవారికి ఎప్పుడూ మొదటి రోజే.

ఇక్కడ మా ఊరి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రాసింది వెతికితే దొరకని ఈ బాధ విజయవాడలో ఉన్నంతగా మరెక్కడా లేదని నా అనుమానం. తెలుగు పుస్తకానికి బెజవాడ పుట్టిల్లు లాంటిదని మనం చెప్పుకుంటాం. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలు, ఏటా జనవరిలో జరిగే పుస్తక మహోత్సవం, వీధివీధినా అచ్చు యంత్రాలు, డీటీపీ కేంద్రాలు. ఈ కేంద్రాల్లో దశాబ్దాలుగా ఎక్కువగా నడిచింది 'అను' అనే పేరున్న ఫాంట్లతో. అచ్చుకు అవి ఎంతో అందంగా ఉంటాయి, నేనూ ఇష్టపడతాను. కానీ వాటిలో తెలుగు అక్షరాల రూపాలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కంటికి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అర్థంపర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరస కనిపిస్తుంది. ఆ ఫైలును పీడీఎఫ్‌గా చేసి నెట్‌లో పెట్టి, "మా పుస్తకం ఆన్‌లైన్‌లో ఉంది" అని సంబరపడే రచయితలను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికించమంటాను. వచ్చిన గజిబిజి చూశాక వారికి నేనేమీ వివరించాల్సిన పని ఉండదు. గూగుల్‌కు అందుతున్నది కూడా ఆ గజిబిజే.

యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా తెలుగును చూపగలిగింది. అంటే సాధనం చేతికొచ్చి పాతికేళ్లవుతోంది. ఈలోగా ఎన్ని ఆత్మకథలు, ఎన్ని గ్రామ చరిత్రలు, ఎన్ని పరిశోధన గ్రంథాలు డీటీపీ కేంద్రాల హార్డ్‌డిస్కుల్లో 'అను' ఫాంటు అక్షరాలుగానే ఉండిపోయాయో తలుచుకుంటే దిగులేస్తుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి ఒకసారి కూర్చుని దిద్దుకోవాలి, అంతే. తమ పుస్తకం అచ్చుకు ఇచ్చే రచయితలకు నేను చెప్పేది ఒకటుంది: డీటీపీ చేసినవారి నుంచి పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని ఊరుకోవద్దు, యూనికోడ్ ప్రతి కూడా ఇమ్మని పని మొదలుకాకముందే మాట తీసుకోండి. పుస్తకం వచ్చాక అడిగితే ఫైలు ఉండదు, ఉన్నా తీసేవారికి తీరిక ఉండదు.

పాత పుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన భాండాగారాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటివల్ల నేనూ ఎంతో లాభపడ్డాను. కానీ పేజీ బొమ్మలో ఏముందో వెతకడానికి చాలాచోట్ల సరైన వీలు లేదు, అలాంటప్పుడు పుస్తకం పేరు ముందే తెలిసినవారికే ఆ పుస్తకం చేరుతుంది. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయపు స్వచ్ఛంద కార్యకర్తలు ఆ బొమ్మల్లోని పాఠాన్ని అక్షరాలుగా మార్చి, అచ్చుతో పోల్చి దిద్దుతున్నారు. తెలుగులో జరుగుతున్న నిశ్శబ్దమైన మంచి పనుల్లో అది ఒకటని నేను భావిస్తాను.

"జనం ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి, అందరూ ఫేస్‌బుక్‌లో ఉంటే మీరు ఎవరూ రాని వెబ్‌సైటులో పెట్టమంటారా?" ఇది నాకు ఎదురయ్యే అతి బలమైన అభ్యంతరం. దీనికి జవాబు మన గ్రంథాలయోద్యమంలో ఉంది. ఆంధ్రదేశ గ్రంథాలయ సభ తొలిసారి 1914లో బెజవాడలోనే జరిగింది, అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి పూనికతో. ఆ ఉద్యమ వారసుల్లో ఒకరైన పాతూరి నాగభూషణం 1935లో గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. కాలువ వెంట ఊళ్లున్నాయి, పడవల్లో జనం తిరుగుతున్నారు, కాబట్టి పుస్తకం పడవ ఎక్కింది. జనం ఉన్న చోటికి వెళ్లడమంటే అదీ. అయితే ఆ పడవలోని పుస్తకానికి ఒక గ్రంథాలయం ఉంది, పట్టికలో దాని పేరుంది, తిరిగి చేరే అల్మారా ఉంది. ఫేస్‌బుక్‌కు, వాట్సాప్‌కు మన రాతను తీసుకెళ్లడం పడవ ఎక్కించడమే. తప్పకుండా ఎక్కించాలి. మొదటి నాలుగు వాక్యాలు అక్కడ పెట్టి పూర్తి పాఠానికి లింకు ఇవ్వండి. పూర్తి పాఠమే అక్కడ పెట్టినా ఫర్వాలేదు, మూలప్రతి మీ చిరునామాలో ఉన్నంతకాలం.

పెద్ద కంపెనీల చేతిలో మన రాతలు శాశ్వతంగా ఉంటాయనుకునేవారు కొంచెం వెనక్కి చూడాలి. ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమం 2014 సెప్టెంబరులో మూతపడింది. అలాంటిదే గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో వెళ్లిపోయింది. యాహూ గ్రూపుల్లో జరిగిన సాహిత్య చర్చలెన్నో 2019 డిసెంబరులో ఆ సంస్థ పాత సందేశాలను తొలగించినప్పుడు పోయాయి. తెలుగు బ్లాగర్లకు నేరుగా తగిలిన దెబ్బ మరొకటి, దాని గురించి మాట్లాడేవారే తక్కువ. 2012 నుంచి గూగుల్ మన దేశంలో చూసేవారికి బ్లాగ్‌స్పాట్ బ్లాగులను డాట్ కామ్‌కు బదులు డాట్ ఇన్ చిరునామాతో చూపించింది. సహజంగానే జనం పైన కనిపించిన ఆ చిరునామానే కాపీ చేసుకుని లింకులు ఇచ్చుకున్నారు. 2020లో ఆ బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అనే పేరు గూగుల్ చేజారి వేరేవారి చేతికి పోయింది. డాట్ కామ్ చిరునామాలతో బ్లాగులు బతికే ఉన్నాయి గానీ, డాట్ ఇన్‌తో ఇచ్చుకున్న లింకులన్నీ తెగిపోయాయి. పేరు నమోదును నిలుపుకోవడం అనే చిన్న పనిలో అంత పెద్ద సంస్థే జారిపోయినప్పుడు, మన బాధ్యత మనం తీసుకోవడమే మేలని నాకు అనిపించింది.

ఇంకో వైపు ఈమాట అనే వెబ్ పత్రికను చూడండి. 1998లో మొదలై, సొంత చిరునామాలో, పాత సంచికలన్నిటినీ అందరికీ తెరిచి ఉంచింది. తొలి రోజుల వ్యాసం ఇప్పటికీ వెతికితే వస్తుంది. అదే కాలంలో పుట్టిన ఎన్నో ఆర్భాటపు వెబ్‌సైట్ల ఆనవాలు కూడా లేదు.

అయితే సొంత వెబ్‌సైటు పెట్టగానే గూగుల్ మొదటి పేజీలో కనిపిస్తామని నేను ఎవరికీ మాట ఇవ్వను. కొత్త చిరునామాకు నెలలు పడుతుంది. సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ ఉచిత సేవలో సైటును నమోదు చేసి సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల జాబితా, ఇస్తే పేజీలు వాళ్ల దృష్టికి త్వరగా వెళ్తాయి, అంతకుమించి దగ్గరిదారి లేదు. ఈ ఆలస్యాన్ని చూపించే, "కొత్త సైటుకు బలం ఉండదు, అప్పటికే పేరున్న సైటులో పెట్టండి" అని సలహా ఇస్తారు. ఇంగ్లీషులో, డబ్బున్న రంగాల్లో ఈ మాటకు కొంత విలువ ఉంది. అప్పుల గురించో, బీమా గురించో ఇంగ్లీషులో రాస్తే వేల పేజీలతో పోటీ పడాలి. తెలుగులో పరిస్థితి వేరు. మంగళగిరి చేనేత నిజాం అంచును ఎలా పోల్చుకోవాలో, గుంటూరు సన్నం మిరపకూ తేజ రకానికీ కారంలో, రంగులో తేడా ఏమిటో, కృష్ణా కాలువల కింద పూర్వం పడవలు ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడిచేవో తెలుగులో నిదానంగా, వివరంగా చెప్పిన పేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటే గొప్ప. అలాంటి ప్రశ్నకు నిజంగా జవాబు చెప్పే పేజీ ఒకటి ఉంటే, అది కొత్త సైటులో ఉన్నా పైకి వస్తుంది, ఎందుకంటే చూపించడానికి గూగుల్‌కు వేరే ఏమీ లేదు. తెలుగులో రాసేవారికి ఉన్న ఈ అవకాశాన్ని మనం గుర్తించడం లేదన్నది నా బాధ.

పేరున్న సైటులో చోటు కొనుక్కోవడం గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. మా ప్రచురణకర్త ఒకరి దగ్గరికి ఒక సంస్థ వచ్చి, ఇంత డబ్బిస్తే వందల వెబ్‌సైట్లలో మీ పుస్తకాల గురించి వ్యాసాలు పెట్టి లింకులు ఇప్పిస్తామంది. వద్దని గట్టిగా చెప్పాను. ర్యాంకు కోసం, అంటే వెతికిన ఫలితాల్లో పైకి రావడం కోసం, లింకులు కొనడం, అమ్మడం గూగుల్ నియమాలకు విరుద్ధం. డబ్బు తీసుకుని ఇచ్చిన లింకుకు ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలి, ఆ గుర్తు ఉంటే ర్యాంకుకు అది అక్కరకు రాదు. 2024 మార్చిలో గూగుల్ మరో నియమం ప్రకటించింది: పేరున్న సైటులో, ఆ సైటు ప్రతిష్ఠను వాడుకుని పైకి రావడం కోసమే బయటివారు పెట్టించే పేజీలను స్పామ్‌గా లెక్కిస్తామని. అమలు అదే ఏడాది మేలో మొదలైంది. ఆ డబ్బుతో ఒక మంచి అనువాదకుడికి పని ఇవ్వవచ్చు.

బయట రాయడం పూర్తిగా మానమని నేను అనడం లేదు, చోటును బట్టి ఉంటుంది. మోటారు విప్పి బిగించడం, గోంగూర పచ్చడి పాళ్లు, అల్లికల్లో కుట్టు వేసే తీరు, వీటిని జనం కళ్లతో చూసి నేర్చుకోవాలనుకుంటారు. వాటికి యూట్యూబే సరైన చోటు, గూగుల్ కూడా అలాంటి ప్రశ్నలకు వీడియోలనే ముందు పెడుతుంది. అప్పుడు కూడా కొలతలు, జాగ్రత్తలు మీ సైటులో నాలుగు పేరాలుగా రాసి వీడియో కింద లింకు ఇస్తే రెండూ ఒకదానికొకటి ఆసరా. 2003 నుంచి ఉన్న తెలుగు వికీపీడియా ఊళ్ల గురించి, వ్యక్తుల గురించి వెతికినప్పుడు ఎప్పుడూ పైనే ఉంటుంది. అయితే అక్కడ సొంత పరిశోధనకు చోటు లేదు, ఇతర ప్రచురణల్లో ఆధారం ఉన్నదే రాయాలి. పైగా వికీపీడియా నుంచి బయటికి వెళ్లే లింకులకు, ర్యాంకుకు లెక్కించవద్దని చెప్పే నోఫాలో గుర్తు ఉంటుంది, ర్యాంకు ఆశతో అక్కడ లింకులు దూర్చడం మర్యాదా కాదు, ప్రయోజనమూ లేదు. గుంటూరు బ్రాడీపేటలో పచ్చళ్ల దుకాణం నడిపేవారికి వ్యాసాలకంటే ముందు గూగుల్ మ్యాప్స్‌లో ఉచితంగా దొరికే వ్యాపార ప్రొఫైల్ అవసరం. పత్రికలకు రాసేవారు మాత్రం సంపాదకులను ఒక్క మాట అడగాలి: అచ్చయిన కొన్నాళ్లకు నా సైటులో పెట్టుకోవచ్చా అని. నేను అడిగిన ఎవరూ కాదనలేదు.

ఒకే వ్యాసం రెండు చోట్ల ఉన్నప్పుడు ఏం జరుగుతుందో తెలియక చాలామంది భయపడుతున్నారు. దానికి శిక్ష ఏమీ ఉండదు. ఒకే పాఠం ఉన్న పేజీల్లో గూగుల్ ఒకదాన్ని అసలుదిగా ఎంచుకుని దాన్నే చూపిస్తుంది. చిక్కల్లా అది ఎంచుకునేది పెద్ద సైటులోని ప్రతి కావచ్చు. 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి కెనానికల్ అనే ట్యాగును తెచ్చాయి, "అసలు ప్రతి ఫలానా చిరునామాలో ఉంది" అని పేజీ లోపల చెప్పడానికి. మీడియం అనే రాతల వేదికలో దిగుమతి సదుపాయం ద్వారా వ్యాసం తెచ్చుకుంటే ఈ ట్యాగు దానంతటదే మీ మూల చిరునామాను చూపిస్తుంది. అయితే ఈ ట్యాగు ఒక సూచన మాత్రమే, గూగుల్ కట్టుబడాల్సిన ఆదేశం కాదు. అందుకే 2023లో గూగుల్ తన సలహా మార్చింది: వేరే సైటు మీ వ్యాసాన్ని పునఃప్రచురిస్తున్నప్పుడు, మీదే కనిపించాలనుకుంటే ఆ సైటువారిని నోఇండెక్స్, అంటే ఈ పేజీని సూచికలో చేర్చవద్దని చెప్పే గుర్తు, పెట్టమని కోరండి అని. మన దగ్గర ఏ పత్రికా అంతవరకు వెళ్లదు. అందుకే నేను ముందు నా సైటులో పెట్టి, సూచికలోకి చేరిందని చూసుకున్నాకే ఇతరులకు ఇస్తాను. పత్రికలు ముందు అచ్చు తమదే కావాలంటే, నా సైటుకు వచ్చేసరికి అదనపు వివరాలు, ఆధారాలు, ఫొటోలు చేర్చి పెద్దది చేస్తాను. అప్పుడది వేరే పేజీ అవుతుంది, చదివేవారికీ రెండోసారి వచ్చినందుకు ఫలితం ఉంటుంది.

సాధనం ఏదైనా తీసుకోండి, నాకు పట్టింపు లేదు. కంప్యూటర్‌తో అంతగా పరిచయం లేని పెద్దలకు నేను బ్లాగ్‌స్పాట్ చిరునామాలిచ్చే గూగుల్ సేవ బ్లాగర్‌నే సూచిస్తాను. ఖర్చు లేదు, సొంత డొమైను పేరు, అంటే వెబ్‌లో మనదైన చిరునామా, కొనుక్కుని దానికి తగిలించుకోవచ్చు. అలా తగిలించాక పాత బ్లాగ్‌స్పాట్ చిరునామాకు వచ్చినవారిని అదే కొత్త చిరునామాకు పంపిస్తుంది. మొత్తం పాఠాన్ని ఒక ఫైలుగా దించుకోవచ్చు కూడా. డొమైను పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ అవుతుంది, ఒక పుస్తకం అచ్చుకు పెట్టే డబ్బు ముందు అదొక లెక్కా? రేపు బ్లాగర్ నచ్చకపోతే వర్డ్‌ప్రెస్ అనే మరో సాధనానికి మారినా డొమైను మీదే ఉంటుంది. పేజీల చిరునామాలు మారకుండా చూసుకుంటే పోగుపడిన లింకులూ మీవే.

పేజీ చిరునామా విషయంలో చిన్న సలహా. తెలుగు అక్షరాలతో చిరునామా పెట్టుకోవాలన్న ప్రేమ నాకూ ఉంది. కానీ కాపీ చేసి పంపినప్పుడు ప్రతి తెలుగు గుర్తూ తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా విడిపోవచ్చు. విజయవాడ అన్న ఒక్క మాట 63 గుర్తుల తోక అవుతుంది. వాట్సాప్‌లో అలాంటి లింకు చూసినవారు మోసమేమోనని తాకరు. అందుకని చిరునామా ఇంగ్లీషు లిపిలో పొట్టిగా, శీర్షిక తెలుగులో నిండుగా పెడతాను. శీర్షికలో కవితాత్మకతకంటే జనం టైపు చేసే మాట ముఖ్యం. నల్ల తామర పురుగు గురించి రాసి "పూలతోటలో చీకటి" అని పేరు పెడితే ఏ రైతూ ఆ దారిన రాడు. ఇంగ్లీషు లిపిలో తెలుగు టైపు చేసేవారూ చాలామందే, వారికోసం వ్యాసంలో ఎక్కడో ఒకచోట రకం పేరో మందు పేరో ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తే చాలు.

ఈ మధ్య వెతికినప్పుడు లింకులకు పైన కృత్రిమ మేధ కూర్చిన జవాబు కనిపిస్తోంది, ఇక మన పేజీ తెరిచేదెవరని కొందరు నిరుత్సాహపడుతున్నారు. వచ్చేవారు తగ్గవచ్చు, కాదనను. కానీ ఆ జవాబు కూడా ఎక్కడో ఒకచోట తెరిచి ఉన్న అక్షరాల నుంచే పుట్టాలి. మన ప్రాంతపు సంగతులు తెరిచి ఉన్న తెలుగు పేజీల్లో లేకపోతే, ఆ యంత్రం ఇంగ్లీషులో దొరికిన అరకొర సంగతినే తెలుగులోకి మార్చి మన పిల్లలకు చెబుతుంది. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది.

సొంత డొమైనుకు ఒక పెద్ద బలహీనత ఉంది. డబ్బు కట్టినన్నాళ్లే అది మనది. రచయిత కన్నుమూశాక ఇంట్లోవారికి ఆ సంగతే తెలియక గడువు దాటిపోయిన సైట్లు నాకు తెలుసు. వాటి చిరునామాల్లో ఇప్పుడు జూద ప్రకటనలు వస్తున్నాయి. డొమైనును ఒకేసారి పదేళ్లకు కట్టుకునే వీలుంది, డెబ్బై దాటిన రచయితలు అలాగే కట్టమని చెబుతాను. బ్లాగర్ నడిచేది గూగుల్ ఖాతాతో, రెండేళ్లు వాడని గూగుల్ ఖాతాలను తొలగించే విధానం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. అదే ఖాతా సెట్టింగుల్లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుంటుంది. మనం ఇన్ని నెలలు కనిపించకపోతే ఎవరికి తెలియజేయాలో, ఏ సమాచారం అప్పగించాలో అందులో ముందే రాసి పెట్టవచ్చు. కూతురి ఈమెయిలో, నమ్మకమైన శిష్యుడిదో చేర్చండి. డొమైను ఏ సంస్థ దగ్గర కొన్నారో, గడువు ఎప్పుడో, పాస్‌వర్డు ఎక్కడుందో కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు ఉంచండి. కొత్త వ్యాసం పెట్టిన ప్రతిసారీ ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ చిరునామా ఇచ్చి ఒక ప్రతిని భద్రపరచండి, నిమిషం పట్టదు. తండ్రి రాతల కోసం పాస్‌వర్డు తెలుసేమోనని నన్ను అడగడానికి వచ్చే పిల్లలకు నేను ఇవ్వగలిగింది చాలాసార్లు ఆ ఆర్కైవ్ ప్రతి ఒక్కటే.